సీసీ కెమెరాలు ఎలా పెట్టించుకోవాలి, అవి పరాయివాళ్ల చేతికి చిక్కకుండా ఎలా చూసుకోవాలి: విశాఖ అపార్ట్‌మెంట్లకు, షాపులకు

“మా అపార్ట్‌మెంట్‌లో 8 కెమెరాలున్నాయి. సెల్లార్‌లో బైక్ పోయింది. ఫుటేజ్‌లో ఎవడో వచ్చి తీసుకెళ్లాడని తెలుస్తోంది గానీ వాడి మొహం తెలియట్లేదు. ఇంకో 4 కెమెరాలు పెట్టించమంటారా?” ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది, “మా కెమెరాల్ని ఎవరైనా హ్యాక్ చేయగలరా?”

మొదటిదానికి జవాబు: వద్దు, ఉన్న 8లో 3 కెమెరాల చోటు మార్చండి చాలు. రెండోదానికి జవాబు: చేయగలరు. చాలా చోట్ల హ్యాక్ చేసేంత కష్టం కూడా అక్కర్లేదు, తలుపు తీసే ఉంటుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలను, డీవీఆర్‌లను (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే బాక్సులను) లక్షల సంఖ్యలో పట్టుకుంది. వాటితోనే అక్టోబర్ 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలు స్తంభింపజేశారు. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి గదుల వీడియోలు బయటికొచ్చి టెలిగ్రామ్‌లో అమ్ముడుపోయాయి. కెమెరా అంటే నెట్‌కు తగిలించిన చిన్న కంప్యూటర్. కిందివన్నీ అది గుర్తుపెట్టుకునే చేయాలి.

ఏమేం కావాలి

- 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరాలు, అంటే నెట్‌వర్క్ కేబుల్‌తో పనిచేసేవి. బయట పెట్టేవాటికి ఐపీ67 రేటింగ్ (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని గుర్తు) ఉండాలి. ఇంటర్నెట్‌కు కలిసే సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ) భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. ద్వారకానగర్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, ఆ మోడల్‌కు సర్టిఫికెట్ ఉందో లేదో అడిగి, మోడల్ నంబర్‌తో సహా బిల్లు తీసుకోండి.
- వెనక పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్. ఎన్‌వీఆర్ అంటే ఐపీ కెమెరాల రికార్డింగ్ బాక్సు, పీఓఈ పోర్టు అంటే ఒకే కేబుల్‌లో కరెంటూ వీడియో రెండూ నడిచేది. ఈ పోర్టులు ఉన్నదే ఎందుకు కొనాలో 6వ దశలో చెబుతాను.
- నిఘా కోసమే తయారుచేసిన హార్డ్ డిస్క్. మామూలు కంప్యూటర్ డిస్క్ 24 గంటలూ రాస్తూ ఉండటానికి పనికిరాదు.
- అసలైన రాగి క్యాట్6 కేబుల్. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా వస్తుంది, వద్దు. దూరం ఎక్కువైతే దాంట్లో కరెంటు చాలక కెమెరా రాత్రిపూట ఆగిపోతుంది, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగేది అప్పుడే కాబట్టి.
- ప్రతి కెమెరాకూ ఒక జంక్షన్ బాక్స్, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు.
- ఇన్వర్టర్ లేదా యూపీఎస్ కనెక్షన్.
- అసోసియేషన్ పేరుతోనో షాపు పేరుతోనో కొత్త ఈమెయిల్ ఒకటి. ప్రెసిడెంట్ గారి సొంత మెయిల్ వద్దు.

1. ముందు కాగితం మీద గీయండి

టెక్నీషియన్ రాకముందే గేటు, మెట్లు, లిఫ్ట్, సెల్లార్ ర్యాంపు గీసుకుని, ఒక్కో చోట మీకు ఏం కావాలో రాయండి. మొహం గుర్తుపట్టాలా, ఎవరో వచ్చారని తెలిస్తే చాలా, బండి నంబర్ కావాలా? ఈ మూడూ మూడు వేర్వేరు పనులు, మూడింటినీ ఒకే కెమెరా చేయదు.

లెక్క తేలికే. తెలియని మనిషి మొహం గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు కావాలి. 4 మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 2560 పిక్సెళ్లు, అంటే 10 మీటర్ల వెడల్పు దాటితే మొహాలు మసకే. మామూలుగా అందరూ పెట్టేసే 2.8 ఎంఎం లెన్స్‌కు ఆ 10 మీటర్ల వెడల్పు 4 మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. 4 ఎంఎం లెన్స్ అయితే 6 మీటర్లు, 6 ఎంఎం అయితే సుమారు 10 మీటర్లు. పైన చెప్పిన బైక్ కథల్లో ఎక్కువ శాతం ఇక్కడే చెడతాయి. సెల్లార్ మొత్తం ఒకే ఫ్రేములో కనబడాలని 2.8 ఎంఎం పెట్టిస్తారు, అన్నీ కనబడతాయి, ఎవరూ గుర్తుపట్టేలా ఉండరు.

కాబట్టి అందరూ తప్పనిసరిగా దాటే ఇరుకు చోట, అంటే గేటు, లిఫ్ట్ ముందు, మెట్ల మలుపు దగ్గర, మొహం కెమెరాలు పెట్టండి. ఎత్తు 2.5 నుంచి 3 మీటర్లు. మొదటి అంతస్తు సన్‌షేడ్‌కు బిగిస్తే నెత్తులూ టోపీలే వస్తాయి. బండి నంబర్లకు వేరే కెమెరా కావాలి. దాని షటర్ స్పీడ్ కనీసం సెకనులో 500వ వంతు ఉండాలి, లేకపోతే రాత్రి హెడ్‌లైట్ వెలుగులో నంబర్ ప్లేటు తెల్లటి ముద్దలా పడుతుంది.

బీచ్ రోడ్, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా తిప్పిన కెమెరాకు పొద్దున్నే ఎండ నేరుగా లెన్స్‌లో కొడుతుంది. అక్కడ 120 డెసిబెల్ డబ్ల్యూడీఆర్ (ఎదురు వెలుగులోనూ బొమ్మ స్పష్టంగా ఉంచే సదుపాయం) ఉన్న మోడలే తీసుకోండి, వీలైతే కొంచెం పక్కకు తిప్పండి.

హెచ్చరిక: ఎదురింటి కిటికీ, పక్క ఫ్లాట్ తలుపు ఫ్రేములోకి వస్తే కెమెరా సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ పెట్టి నల్లగా కప్పేయండి. వ్యక్తుల ఏకాంత దృశ్యాలు తీస్తే ఐటీ చట్టం 66ఈ కింద 3 ఏళ్ల దాకా జైలు. నేవీ ప్రహరీల పక్కన ఉండేవాళ్లు కెమెరాను అటు తిప్పకండి. మైకు ఆపేయండి, మెట్ల మీద కూర్చున్నవాళ్ల మాటలు రికార్డు చేయడం వల్ల గొడవలే తప్ప ఉపయోగం లేదు. గేటు దగ్గర “ఈ ఆవరణ సీసీ కెమెరాల నిఘాలో ఉంది” అని బోర్డు పెట్టండి.

2. ఉప్పుగాలిని దృష్టిలో పెట్టుకుని బిగించండి

మన ఊళ్లో కెమెరా పాడవదు, దాని తోక పాడవుతుంది. కెమెరా వెనక వేలాడే చిన్న వైరు, దాని చివర నెట్‌వర్క్ పిన్ను. దాన్ని గోడకు టేపు చుట్టి వదిలేస్తే ఒక వానాకాలం దాటేసరికి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. కెమెరా గంటకోసారి ఆగి మళ్లీ వస్తుంటే కెమెరా మార్చకండి, ముందు ఆ పిన్ను విప్పి చూడండి.

కనెక్షన్ మొత్తం జంక్షన్ బాక్స్ లోపలే ఉండాలి. కేబుల్ బాక్సులోకి కింది నుంచి వెళ్లాలి. వెళ్లేముందు కొంచెం కిందికి వంపు తిరిగి పైకెక్కాలి, అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. సముద్రానికి దగ్గరైతే 316 రకం స్టీల్ స్క్రూలు అడగండి. 304 రకానికి కూడా అక్కడ మరకలు పడతాయి. పొడవాటి బ్రాకెట్లు వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఎలా ఊపేసిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తుపాను లేని రోజుల్లో కూడా ఊగే కెమెరా తప్పుడు అలారాలు కొడుతూనే ఉంటుంది.

పోర్టు వైపు, జ్ఞానాపురం, వన్‌టౌన్ ప్రాంతాల్లో దుమ్ముకు లెన్స్ త్వరగా మసకబారుతుంది. నెలకోసారి మెత్తటి బట్టతో తుడిపించండి. సాలెగూళ్లు కూడా తీయించండి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఒక్క పోగు చాలు ఫ్రేము సగం తెల్లబడటానికి.

3. ఎన్‌వీఆర్ పెట్టే చోటు, కరెంటు

సెల్లార్‌లో వాచ్‌మన్ గదిలో పెట్టకండి. పెద్ద వాన పడితే ముందు మునిగేది అదే. పైగా దొంగ వచ్చి బాక్సు ఎత్తుకుపోతే ఫుటేజ్ కూడా వాడితోనే పోతుంది. మొదటి అంతస్తులో, తాళం ఉన్న గాలాడే బీరువాలోనో గోడ ర్యాక్‌లోనో పెట్టండి.

8 కెమెరాలు, ఎన్‌వీఆర్, రూటర్ కలిపి సుమారు 90 వాట్లు లాగుతాయి. కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ దీన్ని అరగంట కూడా గట్టిగా మోయదు. కామన్ లైట్లకు ఇన్వర్టర్ ఉంటే దానికే కలపండి, 150 ఏహెచ్ బ్యాటరీ రాత్రంతా లాగిస్తుంది. జనరేటర్ ఉందిగా అనుకోకండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఎన్‌వీఆర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ రెండు మూడు నిమిషాలు రికార్డు ఉండదు. కావాలని మెయిన్ ఆపేవాడికి ఆ రెండు నిమిషాలే కావాలి. రూటర్ కూడా అదే ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూడండి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

4. ఎన్ని రోజులు నిల్వ ఉండాలి?

జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి ఫుటేజ్ 30 రోజులు ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఇళ్లకూ అదే లెక్క పెట్టుకోండి. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే ఒక కెమెరాకు రోజుకు 21.6 జీబీ. 8 కెమెరాలు, 30 రోజులు: 5184 జీబీ. అంటే 6 టీబీ డిస్క్. “2 టీబీ చాలు సార్” అని చెప్పి పని ముగించే టెక్నీషియన్లు ఉంటారు. అప్పుడు జరిగేది రెండింట్లో ఒకటి: 11 రోజులకే పాతది చెరిగిపోవడం, లేదా వాళ్లు రికార్డింగ్ నాణ్యత తగ్గించేసి వెళ్లిపోవడం.

5. పాస్‌వర్డ్, ఖాతా, టెక్నీషియన్

ఈ దశ దగ్గర ఓపిగ్గా కూర్చోండి. మొదటిసారి ఎన్‌వీఆర్ ఆన్ చేసేటప్పుడు మీరు పక్కనే ఉండాలి, పాస్‌వర్డ్ మీరే కొట్టాలి. టెక్నీషియన్లు అన్ని సైట్లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, వాళ్లకు గుర్తుండాలిగా. ఒక్క చోట బయటపడితే వాళ్లు పెట్టిన అన్ని బిల్డింగులూ బయటపడ్డట్టే.

అపార్ట్‌మెంట్ పేరుకు 123 చేర్చడం, వైజాగ్ పక్కన సంవత్సరం చేర్చడం, సెక్రటరీ ఫోన్ నంబర్ పెట్టడం, ఇవేవీ పాస్‌వర్డ్‌లు కావు. సంబంధం లేని రెండు మూడు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి, మధ్యలో ఒక అంకె, ఒక గుర్తు పెట్టండి. కొన్ని బాక్సుల్లో 16 అక్షరాలే పడతాయి, అది చూసుకోండి. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అసోసియేషన్ ఫైల్లో దాచండి. కాగితం మీద రాయకూడదని అంటారు గానీ, అమెరికాలో ఉన్న మాజీ ట్రెజరర్‌కు అర్ధరాత్రి ఫోన్ చేసే కంటే అది మేలు.

తర్వాత ఖాతాలు. అడ్మిన్ ఖాతా ఒక్కరి దగ్గరే ఉండాలి. వాచ్‌మన్‌కు, కమిటీ వాళ్లకు లైవ్ చూసే హక్కు మాత్రమే ఉన్న వేరే యూజర్లు చేయండి. ఫుటేజ్ చెరిపే, కాపీ చేసే హక్కు వాళ్లకు వద్దు.

అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు: ఫోన్ యాప్‌లో మీ ఎన్‌వీఆర్‌ను టెక్నీషియన్ తన సొంత ఖాతాకు కలుపుకుని, మీకు “షేర్” చేయడం. చూడటానికి తేడా తెలియదు. కానీ యజమాని అతనే, మీరు అతిథులు. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) మానేసినా అతను మీ లిఫ్ట్‌ను చూస్తూనే ఉండగలడు. యాప్‌లో పరికరం వివరాలు తెరిచి యజమాని ఖాతా ఎవరిదో చూడండి. మీది కాకపోతే ఆ ఖాతా నుంచి తీయించి, కొత్త ఈమెయిల్‌తో మళ్లీ కలపండి. అతను ఫోన్ ఎత్తకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు బిల్లు, సీరియల్ నంబర్ పంపి తీయించుకోవచ్చు. బిల్లు తీసుకోమన్నది అందుకే.

6. కెమెరాలను మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీయండి

షాపుల్లో, కోచింగ్ సెంటర్లలో, క్లినిక్‌లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇది. బిల్లింగ్ కంప్యూటర్, కెమెరాలు, కస్టమర్లకు ఇచ్చే వైఫై, అన్నీ ఒకే రూటర్ మీద. కౌంటర్ దగ్గర వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకున్న ఎవరైనా మీ కెమెరా లాగిన్ పేజీ దాకా రాగలరు.

తేలిక దారి: వెనక పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్. కెమెరాల కేబుళ్లన్నీ నేరుగా ఆ పోర్టుల్లోకే పెడితే కెమెరాలు ఎన్‌వీఆర్ లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంటాయి, రూటర్‌కు కనబడేది ఎన్‌వీఆర్ ఒక్కటే. బయటి గోడ మీద కెమెరా పీకి ఆ వైరుకు లాప్‌టాప్ తగిలించినా మీ బిల్లింగ్ కంప్యూటర్ దొరకదు. కస్టమర్లకు రూటర్‌లో గెస్ట్ వైఫై వేరుగా ఆన్ చేయండి.

కొంచెం పెద్ద ఆఫీసులైతే మేనేజ్డ్ స్విచ్ కొని మూడు వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్ మీద ఒకదానికొకటి కనబడని మూడు నెట్‌వర్క్‌లు, చేయించండి: సిబ్బందికి ఒకటి, కెమెరాలకు ఒకటి, అతిథులకు ఒకటి. నియమం ఒక్కటే. కెమెరాల నుంచి ఎక్కడికీ దారి ఉండకూడదు, సిబ్బందిలో చూడాల్సిన ఒకటి రెండు కంప్యూటర్ల నుంచి మాత్రమే ఎన్‌వీఆర్‌కు దారి ఉండాలి.

రూటర్‌లో ఇవి కూడా చేయండి. ఫైబర్ ఆపరేటర్ ఇచ్చిన బాక్సుకు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై పాస్‌వర్డ్ మారిస్తే ఇది మారదు. యూపీఎన్‌పీ ఆపండి, అది ఆన్‌లో ఉంటే ఎన్‌వీఆర్ మిమ్మల్ని అడక్కుండానే బయటికి తలుపు తీసుకుంటుంది. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రూటర్ సెట్టింగులు మార్చనిచ్చేది) ఆపండి. రూటర్‌కు, ఎన్‌వీఆర్‌కు, కెమెరాలకు కొత్త ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేయండి.

7. ఫోన్‌లో చూడాలంటే

పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి ఎన్‌వీఆర్‌కు రూటర్‌లో నేరుగా దారి తెరవడం, వద్దు. “స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్, 8000, 554 పోర్టులు ఓపెన్ చేస్తా” అంటే ఒప్పుకోకండి. అలా తెరిచిన పోర్టులను ప్రపంచంలో ఎక్కడి నుంచో యంత్రాలు రోజంతా తట్టి చూస్తూనే ఉంటాయి. ఇళ్లకు, చిన్న షాపులకు కంపెనీ యాప్ చాలు, రెండంచెల లాగిన్ ఆన్ చేసి వాడండి. ఆఫీసుకు, ఆసుపత్రికి, నగల షాపుకు మాత్రం వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయటి నుంచి మీ నెట్‌వర్క్‌కు తాళం వేసిన దారి) పెట్టించి, కంపెనీ క్లౌడ్ పూర్తిగా ఆపేయడం నా సలహా. దూరం నుంచి చూడాల్సిన అవసరమే లేకపోతే ఎన్‌వీఆర్‌ను ఇంటర్నెట్‌కు కలపనే వద్దు, అంతకు మించిన భద్రత లేదు.

8. గడియారం

ఎన్‌వీఆర్ టైమ్ 12 నిమిషాలు తప్పుగా ఉంటే కోర్టులో మీ ఫుటేజ్ మీద మొదటి ప్రశ్న అదే. టైమ్ జోన్ +5:30 పెట్టి, ఎన్‌టీపీ సర్వర్ (నెట్ ద్వారా టైమ్ సరిచేసేది) దగ్గర నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్ల అడ్రస్ ఇవ్వండి: టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ. ఇంటర్నెట్ కలపని బాక్సు అయితే నెలకోసారి చేత్తో సరిచేయండి.

9. డబ్బు మొత్తం ఇచ్చేముందు చేయాల్సిన పరీక్షలు

- రాత్రి 11 తర్వాత మీకు తెలియని వ్యక్తిని, అంటే మీ స్నేహితుడి డ్రైవర్‌నో ఎవరినో, గేటు నుంచి లిఫ్ట్ దాకా మామూలుగా నడవమనండి. లైవ్ చూడకండి, మర్నాడు రికార్డింగ్ తెరిచి చూడండి. లైవ్‌లో బాగుండి రికార్డింగ్‌లో మసగ్గా ఉంటే తక్కువ నాణ్యత ఉన్న సబ్ స్ట్రీమ్‌ను రికార్డు చేస్తున్నట్టు.
- మీ ఫోన్ వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉంచండి. రూటర్ స్టేటస్ పేజీలో ఉన్న బయటి ఐపీ నంబర్‌ను బ్రౌజర్‌లో కొట్టండి. ఎన్‌వీఆర్ గానీ రూటర్ గానీ లాగిన్ పేజీ వచ్చిందా, తలుపు తెరిచే ఉంది. పేజీ రాలేదని ధీమాగా ఉండకుండా రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా కూడా ఖాళీగా ఉందో లేదో చూడండి.
- గెస్ట్ వైఫైకి కలిసి ఎన్‌వీఆర్ లోపలి ఐపీ కొట్టండి. తెరుచుకోకూడదు.
- ఎన్‌వీఆర్ మెయిన్ స్విచ్ ఆపకుండా, బిల్డింగ్ మెయిన్ ఆపి చూడండి. రికార్డింగ్ ఆగకూడదు.
- ఒక కెమెరా వైరు పీకండి. ఫోన్‌కు అలర్ట్ రావాలి.
- 31వ రోజున అత్యంత పాత రికార్డింగ్ తేదీ చూడండి. దీనికోసం బిల్లులో కొంత ఆపుకుంటే టెక్నీషియన్ తనే గుర్తు చేస్తాడు.

10. ఏదైనా జరిగితే ఫుటేజ్ ఎలా ఇవ్వాలి

ముందు 112కు గానీ స్టేషన్‌కు గానీ చెప్పండి. అదే రోజు ఆ సమయానికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట ఎన్‌వీఆర్ నుంచే పెన్‌డ్రైవ్‌కు ఎక్స్‌పోర్ట్ చేయండి, అసలు ఫార్మాట్‌లో, ప్లేయర్‌తో సహా. స్క్రీన్‌ను ఫోన్‌తో తీసిన వీడియో వాట్సాప్‌లో తిప్పడానికి పనికొస్తుంది గానీ కోర్టుకు కాదు. వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి, అందులో కనబడే మనిషి దొంగ కాకపోతే కేసు మీ మీదికి వస్తుంది.

2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ చట్టంలోని 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఇప్పుడు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలు కొంచెం మారినా ఇదీ మారిపోతుంది) కూడా రాయాలి. కాపీ చేసిన వెంటనే విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇస్తే ఎస్‌హెచ్ఏ-256 విలువ వస్తుంది. దాన్ని తేదీ, సమయం, ఎన్‌వీఆర్ సీరియల్ నంబర్‌తో కలిపి రాసుకోండి. పోలీసులకు ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి, రెండోది మీ దగ్గర ఉంచండి.

హ్యాక్ అయిందని అనుమానం వస్తే, అంటే కెమెరా తనంతట తాను తిరగడం, తెలియని లాగిన్లు, పాస్‌వర్డ్ పనిచేయకపోవడం లాంటివి జరిగితే, ముందు నెట్ కేబుల్ పీకండి. బాక్సును రీసెట్ చేయకండి, లాగ్‌లు పోతాయి. ఆ లాగ్ పేజీలను ఫొటో తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కంపెనీలైతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లోగా తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 ఆదేశాలున్నాయి.

తరచూ అడిగే మరో రెండు

వైఫై కెమెరాలు పెట్టొచ్చా? ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవడానికి సరే. గేటుకు వద్దు, వైఫై సిగ్నల్‌ను అడ్డుకోవడం ఇప్పుడు పెద్ద విద్య కాదు.

పాత డీవీఆర్ ఉంది, మొత్తం మార్చాలా? కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడల్ అయితే నెట్ కేబుల్ తీసేసి లోపల రికార్డింగ్‌కు మాత్రం వాడుకోండి, పాడయ్యేదాకా పనిచేస్తుంది. మార్చేటప్పుడు పాత బాక్సును ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే హార్డ్ డిస్క్ ముందే విప్పి తీసుకోండి. ఊరికే ఫార్మాట్ చేస్తే అందులోని దృశ్యాలు పోవు, మొత్తం ఓవర్‌రైట్ చేయించాలి, లేదా డ్రిల్లింగ్ మెషిన్‌తో రెండు మూడు చిల్లులు పెట్టించాలి.